పజుండాంగ్ క్యారేజీ

ఎక్కడ ఆపాను? ఆఁ, ఇక్కడ అమెరికాలో మా శాన్ రామన్ పక్కనున్న డబ్లిన్‌లో హోటల్ దగ్గర. నిశ్చితార్థం వంటకాల సంగతి మాట్లాడుకుందామని రెండు కుటుంబాలవాళ్ళం భోజనానికి కూర్చున్నాం. మా అవనిని చేసుకోబోయే మానవ్ వాళ్ళ నాన్నగారు కృష్ణమోహన్ విమానంలో కాపెల్ నుంచి దిగిన వరంగల్లు పెద్దమనిషి. నెమ్మదస్తుడు, మాట తక్కువ. మంచినీళ్ళు కావాల్సొచ్చి, పెదాలు ముడిచి ముద్దు పెట్టినట్టు చప్పుడు చేసి వెయిట్రెస్‌ని పిలిచారు. ఆ పిల్ల మొహం మాడ్చుకుంది. మా అవని "ఓ మై గాడ్, అంకుల్!" అని నవ్వింది. మా ఆయన పరంధామయ్య గారూ నవ్వారు. నాకు మాత్రం తుంచిన నాన్ ముక్క చేతిలోనే ఉండిపోయింది. హోటల్లో మనిషిని అలా పిలిచే ఊరు నాకు తెలిసి ఒక్కటే. రంగూన్.

మరి మొన్న పెళ్ళిచూపుల్లో నేను "మేం రంగూన్‌లో ఉండొచ్చామండీ" అంటే ఈ పెద్దమనిషి ఏమన్నారు? "అటు దిక్కు నేనెప్పుడూ పోలేదమ్మా" అన్నారు. ఏం అవసరం వచ్చింది అబద్ధానికి?

అది బుధవారం మాట. ఇవాళ శుక్రవారం. రేపు మా అమ్మాయి నిశ్చితార్థం. రెండు రాత్రులుగా నాకు కంటి మీద కునుకు లేదు. స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోతున్నాను. ఉప్పు వేశానో లేదో తెలియక రెండుసార్లు వేస్తున్నాను. "ఏంటి కాంతం, పెళ్ళికూతురివి నువ్వా అదా?" అని మా ఆయన వేళాకోళం. ఆయనకేం, హాయిగా నిద్రపోతారు.

నా బాధ మీకు అర్థం కావాలంటే నా వంటింటి సంగతి కొంచెం చెప్పాలి. శాన్ రామన్‌లో ఇప్పుడున్న గ్రానైట్ వంటిల్లు కాదు. తొంభై ఆరు నుంచి తొంభై ఎనిమిది దాకా రంగూన్‌లో ఉన్న బొగ్గుల కుంపటి వంటిల్లు.

మా ఆయన ఓ షిప్పింగ్ కంపెనీ ఉద్యోగం మీద వెళ్ళారు. మిలటరీవాళ్ళ రాజ్యం. కరెంటు ఎప్పుడొస్తుందో వాళ్ళిష్టం, కాబట్టి ఫ్రిజ్‌లో బట్టలు పెట్టుకునేదాన్ని. నీళ్ళు కాచకుండా గొంతులో పోసుకుంటే ఆసుపత్రే. మంచినూనె దొరికిన వారం పండగ, దొరకని వారం ఉడకేసిన కూరలు. కాఫీపొడి ఓడలవాళ్ళు తెచ్చిపెడితే తాగాలి, లేకపోతే అక్కడి టీ. దోసెల పిండి మాత్రం బ్రహ్మాండంగా పులిసేది, ఆ ఉక్కకి. ఇంకో అదృష్టం, బర్మావాళ్ళకి గోంగూరంటే మనకంటే పిచ్చి. బజారులో కట్టలు కట్టలు. ఆ ఊళ్ళో నాకు పుట్టిల్లులా కనిపించింది ఆ ఆకొక్కటే అంటే నమ్మండి.

ఊళ్ళో పెళ్ళాం పిల్లల్ని ఇండియాలో వదిలేసి వచ్చిన మనవాళ్ళు చాలామంది ఉండేవారు. కలపకంపెనీలవాళ్ళు, మందుల కంపెనీలవాళ్ళు. పాపం, చప్పిడి కూడు తిని నాలిక చచ్చిపోయింది మొర్రో అనేవారు. ఇంటికి పిలిచి పెడదామా అంటే అయిదుగురికి మించి ఒకచోట చేరకూడదని ఆర్డరు. రాత్రి ఎవరైనా ఇంట్లో పడుకుంటే పేటలో ఉన్న ఆఫీసులో ముందే చెప్పుకోవాలి. నలుగురు మగాళ్ళు ఒక గుమ్మం తొక్కితే చాలు, ఎదురింటివాడు కళ్ళజోడు పెట్టుకునేవాడు. అందుకని మనుషులు రావడం మానేసి క్యారేజీలు వెళ్ళేవి. పొద్దున్నే వండి నేను సర్దేదాన్ని. తిరుపతయ్య సైడ్‌కారు రిక్షాలో పట్టుకెళ్ళి ఇచ్చి, సాయంత్రం ఖాళీవి తెచ్చేవాడు. తిరుపతయ్య వాళ్ళ తాతలు శ్రీకాకుళం నుంచి పడవెక్కి వెళ్ళినవాళ్ళు. మనిషి పుట్టింది పెరిగింది అక్కడే. అయినా వాడి తెలుగు వింటుంటే ప్రాణం లేచొచ్చేది నాకు.

తినేవాళ్ళ మొహాలు నేనెప్పుడూ చూడలేదు. పేర్లు కూడా అడగొద్దనేవారు మా ఆయన. పేటని బట్టి గుర్తు పెట్టుకునేదాన్ని. ఒకటి కెమెండైన్ క్యారేజీ, పులుసు ఎక్కువ కావాలి. ఇంకోటి పజుండాంగ్ క్యారేజీ. పెరుగు వద్దు, గోంగూర రెండు గరిటెలు ఎక్కువ. అన్ని క్యారేజీలూ ఎంగిలి మెతుకులతో ఈగలు ముసురుకుంటూ వస్తే, పజుండాంగ్‌ది ఒక్కటే తోమి, తుడిచి, తళతళలాడుతూ వచ్చేది. "ఏ తల్లి కన్న బిడ్డో!" అనుకునేదాన్ని. మొహం తెలియని మనిషి మీద నాకు గౌరవం ఆ తుడిచిన గిన్నెల వల్లే పుట్టింది.

తర్వాత ఆ క్యారేజీయే మా తిరుపతయ్య కొంప ముంచింది. ఓ సాయంత్రం ఖాళీ క్యారేజీలు తెస్తుంటే సైనికులు ఆపారు. పజుండాంగ్ క్యారేజీ అడుగు గిన్నెలో క్యాసెట్ దొరికింది. జైల్లో ఉన్న కాలేజీ కుర్రాళ్ళ తల్లులు ఏడుస్తూ చెప్పుకున్న మాటలట అందులో. తిరుపతయ్యకి ఏడేళ్ళ జైలు వేశారు. మా ఇంటికొచ్చి బియ్యం డబ్బాలో ఇనుప చువ్వ గుచ్చి చూశారు, నా దోసెల పిండి వాకిట్లో పారబోశారు. ఆ పజుండాంగ్ మనిషి మాత్రం మర్నాడే బ్యాంకాక్ విమానం ఎక్కేశాడని తెలిసింది. మేం నెల తిరక్కుండా సింగపూర్, అట్నుంచి అమెరికా. ఇన్నేళ్ళూ గోంగూర కోసిన ప్రతిసారీ ఆ మొహం తెలియని మనిషిని తిట్టుకుంటూనే ఉన్నాను. నువ్వు తప్పించుకుని వాణ్ణి బలిపెడతావా, నీ చేతులు పడిపోను, అని.

పెళ్ళిచూపుల నాడు కృష్ణమోహన్ గారు పెరుగు వద్దన్నారు. గోంగూర మూడుసార్లు వడ్డించుకున్నారు. అప్పుడేమీ అనిపించలేదు. బుధవారం ఆ పెదాల చప్పుడు విన్నాక అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. నా కూతుర్ని ఆ మనిషి ఇంటికి పంపాలా? చస్తే పంపను. కానీ మూడేళ్ళుగా ప్రేమించుకుంటున్న పిల్లలకి ఏం చెప్పి ఆపను? ముద్దు చప్పుడు చేశాడనా? ముందు రూఢి చేసుకోవాలి.

ఇవాళ మధ్యాహ్నం కృష్ణమోహన్ గారి భార్య మీనా గారూ అవనీ మెహందీకని వెళ్ళారు. మా ఆయన నీళ్ళ సీసాలూ పేపరు ప్లేట్లూ తేవడానికి స్టోరుకి వెళ్ళారు. నేను వాళ్ళు దిగిన హోటల్‌కి ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, పూలవాడితో కొంచెం మాట్లాడాలి, ఒక్కసారి వచ్చి వెళ్తారా?" అన్నాను. పావుగంటలో వచ్చారు. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టాను. కాఫీ ఇవ్వలేదు. టీడికాక్షన్ నల్లగా మరగబెట్టి, కండెన్స్‌డ్ మిల్క్ రెండు చెంచాలు వేసి చిక్కటి టీ చేసి ముందు పెట్టాను. దాని పక్కన ఫ్లాస్కులో పాలూ పంచదారా లేని పచ్చ టీ, పిడికిట్లో పట్టే చిన్న కప్పులు బోర్లించిన పళ్ళెం. రంగూన్‌లో ఏ టీకొట్టుకి వెళ్ళినా బల్ల మీద ఇలాగే ఉంటుంది. ఆ పచ్చ టీకి డబ్బులు తీసుకోరు.

"పూల సంగతి..." అని నేను మొదలుపెట్టాను. ఆయన వింటూ వింటూనే ఒక కప్పు తిప్పి, ఫ్లాస్కులోంచి కొంచెం పోసి, కప్పుని గుండ్రంగా తిప్పి కడిగారు. ఆ నీళ్ళు ఎక్కడ పారబొయ్యాలా అని చుట్టూ చూశారు. అప్పుడు నా మొహం చూశారు.

"పారబొయ్యండి, పర్వాలేదు," అన్నాను. "మా శాన్ రామన్‌లో ఎవరూ అలా కప్పు కడుక్కుని తాగరు. మీ వరంగల్లులో కడుగుతారా అన్నయ్యగారూ?"

ఆయన కప్పు కింద పెట్టారు. నాకు కాలు నిలవడం లేదు. లేచి స్టవ్ ఆపాను. అది ఆపేసే ఉంది. మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

"పజుండాంగ్‌లో ఏ అంతస్తులో ఉండేవారు మీరు?" అన్నాను.

"మూడోది," అన్నారు. "నీకు ఎప్పుడు తెలిసింది చెల్లెమ్మా?"

"మీకెప్పుడు తెలిసింది నేనెవరో?"

"పెళ్ళిచూపుల నాడు మొదటి ముద్దకే. గోంగూరలో వేయించిన శనగపిండి చల్లి, పైన వెల్లుల్లి నూనె పోసేటోళ్ళు మన తెలుగోళ్ళల్ల ఎవరున్నరు? రెండేండ్లు తిన్న ఆ చేతి వంట. మర్చిపోతనా?"

నా కళ్ళు మండాయి. ఏడుపు కాదు, కోపం. "తిన్నారు కదా! తిన్న గిన్నెలోనే విషం పెట్టి పంపారు కదా! ఏ పాపం చేశాడని తిరుపతయ్యని జైల్లోకి తోశారు? మీరు మర్నాటికల్లా విమానం ఎక్కేశారు. సిగ్గు లేదూ? పైగా బర్మా మొహమే చూడలేదని నా ఇంట్లో కూర్చుని అబద్ధం! ఈ పెళ్ళి జరగదు. మా అమ్మాయి ఏడ్చి గీపెట్టినా సరే, జరగదు!"

నేను ఆగాక ఆయన నెమ్మదిగా అన్నారు. "క్యాసెట్ నేనే పెట్టిన. కాదంటలేను. కానీ ఒక్క మాట అడుగుత. నేను గిన్నెలు ఎందుకు తోమి పంపేటోణ్ణి?"

"మర్యాదస్తులని అనుకున్నాను. నా ఖర్మ."

"క్యాసెట్‌కు తడి తగలొద్దని చెల్లెమ్మా. అడుగు గిన్నె పొడిగా తుడిచి, గుడ్డల చుట్టి పెడుతుంటి. అది మొదటిది కాదు, ఎన్నో పోయినయి అట్ల. నా ఇంటి నుంచి నీ ఇంటికి. తిరుపతయ్యకు తెలుసు. ఆయనే ఒప్పుకున్నడు. 'మా దేశం బాబూ, నేను మొయ్యకపోతే ఎవరు మోస్తారు' అన్నడు. కానీ నీ ఇంటికి ఎందుకు పంపుతం? ఓడలవాళ్ళ చేతికిచ్చి దేశం దాటించే మనిషి నీ ఇంట్లో ఉన్నడు కాబట్టి."

నాకు ముందు తలకెక్కలేదు. మా ఇంట్లో ఎవరున్నారు? నేనూ, ఏడేళ్ళ అవనీ, మా ఆయనా.

సాయంత్రాలు గేటు దగ్గర నిలబడి ఖాళీ క్యారేజీలు తనే అందుకునేవారు మా ఆయన. "బరువులు నువ్వెందుకు ఎత్తడం కాంతం" అనేవారు. ఎంత మంచి మొగుడు దొరికాడే నాకు అని మా అక్కకి ఉత్తరాల్లో కూడా రాశాను.

"మా ఆయనా?" అన్నాను. "మా ఆయన పోలీసుని చూస్తే రోడ్డు దాటే మనిషి. ఆయనకంత ధైర్యం ఎక్కడిది?"

"మొదట ఉండె. నాకు మొహం తెల్వదు ఆయనది, అయినా మెచ్చుకునేటోణ్ణి. తర్వాత ఎక్కడో, ఎవడో భయపెట్టి ఉంటడు." ఆయన గొంతు సర్దుకున్నారు. "చెల్లెమ్మా, ఆ రోజు సైనికులు ఎన్నో క్యారేజీలున్నా ఒక్కటీ తెరువలే. 'పసుపు గుడ్డ కట్టింది ఏది?' అని అడిగిన్రట. నేరుగా దాని అడుగు గిన్నె తీసిన్రు. నాది ఎప్పుడూ నీలం గుడ్డ కదా. ఆ రోజు పొద్దున మాత్రం పసుపు గుడ్డ కట్టి వచ్చింది. అది నాకు తెలుసు, తిరుపతయ్యకు తెలుసు. ఇంకెవరికి తెలుసు?"

క్యారేజీలు కలిసిపోకుండా పిడులకి రంగు గుడ్డలు కట్టేదాన్ని. పాతవి జిడ్డోడుతున్నాయని ఆ ముందురోజే అన్నీ మార్చాను. పాత చీరలు చింపి కొత్తవి కట్టాను. పజుండాంగ్‌కి పసుపు.

ఆ రోజు పొద్దున్న కుంపటి ముందు కూర్చుని ఉన్నాను. మా ఆయన ఆఫీసుకి తయారై వంటింటి గుమ్మంలోకి వచ్చారు. ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషి. "గుడ్డలు మార్చినట్టున్నావే. పజుండాంగ్‌ది ఏది?" అన్నారు. నేను తల కూడా ఎత్తలేదు. పప్పు ఎనుపుతూ "పసుపు" అన్నాను. ఆ రోజు సాయంత్రం గేటు దగ్గర ఆయన లేరు. ఆఫీసులో పనుంది, ఆలస్యమవుతుందని కబురు పంపారు. మిలటరీ సోదా జరిగిన ఇళ్ళవాళ్ళు దేశం వదిలి వెళ్ళే కాగితం కోసం ఏడాదులు తిరుగుతుంటే మాకు నెల తిరక్కుండా చేతికొచ్చింది. "మా బాస్ మంచివాడు" అన్నారు. నేను దేవుడికి కొబ్బరికాయ కొట్టాను.

లేచాను. ఎందుకు లేచానో తెలియదు. సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను. ఆ రోజు తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళు ఆ మనిషికి కంచంలో అన్నం పెట్టాను.

"అబద్ధం చెప్తున్నారు మీరు," అన్నాను, గోడ వైపు చూస్తూ.

"కావాలంటే తిరుపతయ్యనే అడుగు."

గిర్రున తిరిగాను. "బతికే ఉన్నాడా?"

"బతికే ఉన్నడు. జైలు నుంచి వచ్చినంక థాయ్‌లాండ్ పోయి, క్యాంపుల ఉండి, రెఫ్యూజీగా అమెరికా వచ్చిండు. మా కాపెల్‌కు దగ్గరే, ఫోర్ట్ వర్త్. ఏషియన్ స్టోర్‌లో గోంగూర కట్ట కోసం చెయ్యి పెట్టిన, ఆయన కూడా అదే కట్ట మీద చెయ్యి పెట్టిండు. అట్ల దొరికిండు నాకు." ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "బర్మా పోలేదని అందరికీ ఎందుకు చెప్తనో అడిగినవు కదా. ఆయన జైల్ల ఉంటే నేను ఇక్కడ పార్టీలల్ల కూసొని ఆ ముచ్చట్లు ఎట్ల చెప్పుకోను? అందుకే నోరు మూసుకున్న. రేపు నిశ్చితార్థానికి వస్తుండు. మానవే టికెట్ కొన్నడు, నాన్న దోస్త్ అని. పొద్దున ఓక్లండ్‌లో దిగుతడు. అవని ఎవరి బిడ్డనో ఆయనకు ఇంకా చెప్పలే. రెండు వారాలాయె, ఎట్ల చెప్పాల్నో తెల్వక చస్తున్న."

"మీ అబ్బాయికి తెలుసా?"

"తెల్వదు. చెల్లెమ్మా, పెళ్ళి ఆపాలంటే నువ్వే ఆపు. తప్పు నా మీద వెయ్యి, నేను పడుత. పిల్లలకు ఈ సంగతి తెలియాల్నా వద్దా, అదీ నువ్వే చెప్పు. నేను నువ్వు చెప్పినట్టు వింట."

ఎంత తేలిగ్గా నా నెత్తిన పెట్టాడండీ! ఆపితే మా అమ్మాయి గుండె పగులుతుంది. ఆపకపోతే రేపు తిరుపతయ్య పందిట్లో కూర్చుంటాడు, మా ఆయన పట్టుపంచె కట్టుకుని తాంబూలాలు పుచ్చుకుంటారు. నేను ఇద్దరికీ వడ్డించాలి. ఎలా వడ్డించను? ఏ మొహం పెట్టుకుని?

గరాజ్ తలుపు లేచిన చప్పుడైంది.

మా ఆయన నీళ్ళ సీసాల పెట్టె భుజాన పెట్టుకుని హుషారుగా లోపలికొచ్చారు. "ఓహో, బావగారు! ఎప్పుడొచ్చారు? కాంతం, బావగారికి కాఫీ ఇచ్చావా?" అంటూనే బల్ల వైపు చూశారు. ఫ్లాస్కు చూశారు. బోర్లించిన చిన్న కప్పులు చూశారు. నవ్వు సగంలో ఆగింది.

"ఏమండీ," అన్నాను. నా గొంతు నాకే ఆశ్చర్యంగా మామూలుగా ఉంది. "రేపు పొద్దున్న ఓక్లండ్ ఎయిర్‌పోర్ట్‌కి మీరు వెళ్ళాలి. పెళ్ళివారి తరఫున ఒకాయన దిగుతున్నారు."

"దానికేం, డ్రైవ్ చేసుకుని వెళ్ళి తీసుకొస్తాను. ఎవరాయన?"

"మన తిరుపతయ్య."

పెట్టె భుజం మీదే ఉంది. దింపడం మర్చిపోయారు. నేను ఆ మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో కూడా లోపల దేవుణ్ణి వేడుకుంటూనే ఉన్నాను. అయ్యో, బతికున్నాడా అనాలి ఈయన. ఎలా ఉన్నాడు అనాలి. ఆ ఒక్క మాట అంటే చాలు, కృష్ణమోహన్ గారు చెప్పిందంతా అబద్ధమని కొట్టిపారేసి, రేపు గోంగూర వండి పండగ చేస్తాను.

మా ఆయన పెదాలు తడుపుకున్నారు.

"అతనికి తెలుసా?" అన్నారు.

నేనింకా ఏమీ అడగనే లేదు.

ఆయన ఆ మాట అంటుండగానే వీధి తలుపు తీసిన చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు. రెండు చేతులకీ మెహందీ, ఎక్కడా అంటకుండా గాల్లో ఎత్తి పట్టుకుని, మోచేత్తో తలుపు తోసుకుంటూ అవని వంటింట్లోకి వచ్చింది. వెనకాల మీనా గారు కారు పార్క్ చేస్తున్నట్టున్నారు.

"మమ్మీ, చూడు, చాలా బాగా వచ్చింది కదా?" అంది. మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. "వాట్ హ్యాపెండ్? ఎవరికి తెలుసా అంటున్నావు, డాడీ? ఏం తెలియాలి?"

కృష్ణమోహన్ గారు తల దించుకున్నారు. మా ఆయన నా వైపు చూశారు. ఏమీ చెప్పకు, నీకు దణ్ణం పెడతాను, అనే చూపు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఏదైనా అంతగా బతిమాలడం అదే మొదలు. అవని చేతులకున్న మెహందీ ఇంకా పచ్చిగా ఉంది.

నేను కుర్చీ ఒకటి బయటికి లాగాను.

"ఇలా వచ్చి కూర్చో అవనీ," అన్నాను. "మీ నాన్నగారు చెప్తారు."